మన పళ్ళ మీద ఒక ఊరు

ఒక ఆదివారం తెలుగు తరగతిలో "పా" అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమన్నాము. పాప, పాట, పాము, పాలు, పాయసం అన్నీ అయిపోయాయి. వెనక బల్ల మీది పిల్లవాడొకడు చెయ్యెత్తి "పాచి" అన్నాడు. తరగతిలో సగం మందికి ఆ మాట తెలియదు. పాచి అంటే ఏమిటని అడిగితే, "మా తాతగారింట్లో బావి దగ్గర ఉంటుంది, కాలు జారుతుంది" అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "కాదు, పళ్ళు తోముకోకుండా పాలు తాగితే మా అమ్మమ్మ పాచినోరు అంటుంది, అదే పాచి" అంది. ఎవరు గెలిచారో చెప్పమని ఇద్దరూ మా వైపు చూశారు.

ఇద్దరూ గెలిచారని చెప్పి పాఠం ముందుకు నడిపాము. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. బావి గట్టు మీద జారే పచ్చటి పొరకీ, పొద్దున్నే పళ్ళ మీద నాలుకకు తగిలే జిగురుకీ మన పెద్దవాళ్ళు ఒకే పేరు ఎందుకు పెట్టారు?

మేము డాక్టర్లం కాము. వారంలో అయిదు రోజులు కంప్యూటర్లతో కుస్తీ పట్టి, ఆరో రోజు మీకు పాఠం తయారుచేసుకుని, ఏడో రోజు మీతో కుస్తీ పట్టేవాళ్ళం. అయినా ఈ విషయం గురించి చదవడానికి మాకొక సొంత కారణం ఉంది. అది కాస్త ఆగి చెబుతాము.

తడిగా ఉండే గట్టి వస్తువు మీద సూక్ష్మజీవులు అతుక్కుని, తమ చుట్టూ జిగురు కట్టుకుని, గుంపుగా కాపురం పెడితే ఆ పొరను శాస్త్రవేత్తలు బయోఫిల్మ్ అంటారు. ఏటిలోని రాళ్ళ మీద, నీళ్ళ గొట్టాల లోపల, వంటింటి సింకు మూతి దగ్గర ఉండేది అదే. పళ్ళ మీద ఉండేదీ అదే. పళ్ళ మీది దానికి డెంటల్ ప్లాక్ అని ఇంకో పేరు. బయోఫిల్మ్ అనే మాట వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దం రెండో సగంలో. బావి గట్టునీ పంటి గట్టునీ కలిపే మాట మన అమ్మమ్మల నోట అంతకు ముందు నుంచే ఉంది!

బట్టల వ్యాపారి చూసిన వింత

పాచిలో ప్రాణులున్నాయని మొదట చూసినవాడు డాక్టరు కాదు. హాలెండ్ దేశంలో డెల్ఫ్ట్ అనే ఊరిలో బట్టల వ్యాపారం చేసుకునే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. తన కటకాలు తనే అరగదీసుకుని సూక్ష్మదర్శినులు తయారుచేసుకునేవాడు. రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకునే అలవాటు ఆయనది. అయినా పళ్ళ సందుల్లో తెల్లటి పిండిలాంటిది మిగిలిపోతోందని గమనించి, దాన్ని గీకి, నీటిలో కలిపి చూశాడు. చిన్నచిన్న ప్రాణులు ఈదుతూ, గిరగిర తిరుగుతూ కనిపించాయి. 1683 సెప్టెంబరులో ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. తన దేశంలో ఉన్న జనం కంటే తన నోటిలో ఉన్న ప్రాణులే ఎక్కువని అందులో చమత్కరించాడు.

ఆయన ఇంకో పని కూడా చేశాడు. వెనిగర్‌తో నోరు కడుక్కుని మళ్ళీ చూశాడు. పాచికి బయటి వైపు ఉన్న ప్రాణులు చచ్చాయి కానీ లోపలివి హాయిగా ఉన్నాయి. వెనిగర్ ఆ ముద్ద లోపలికి చొరబడలేకపోయింది. విడిగా ఈదే బాక్టీరియాను చంపడం ఒక ఎత్తు, గోడ కట్టుకుని కూర్చున్న బాక్టీరియాను చంపడం మరొక ఎత్తు అని 340 ఏళ్ళ కిందటే తెలిసిపోయిందన్నమాట. ఈ చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

ఊరు ఎలా వెలుస్తుంది?

పిల్లలూ, మీరు ఇప్పుడే శుభ్రంగా పళ్ళు తోముకున్నారనుకోండి. పన్ను నున్నగా ఖాళీ స్థలంలా ఉంటుంది. ఆ ఖాళీ ఎంతోసేపు ఉండదు. కొద్ది క్షణాల్లోనే ఉమ్మిలో ఉండే ప్రోటీన్లు పంటి మీద పలచగా పరుచుకుంటాయి. అది కంటికి కనబడదు. పంటికి అది రక్షణే, కానీ బాక్టీరియాకు అదే చాప పరిచినట్టు.

మొదట వచ్చి కూర్చునేవి స్ట్రెప్టోకాకస్ జాతివి, ఆక్టినోమైసిస్ జాతివి. వీటి ఒంటి మీద ఆ ప్రోటీన్లను పట్టుకునే కొక్కేలుంటాయి. కొత్త కాలనీలో మొదట ఇల్లు కట్టుకున్నవాళ్ళలాగా కాస్త కష్టపడి నిలదొక్కుకుంటాయి. తరవాత వచ్చేవాటికి పన్ను అందకపోయినా ఫరవాలేదు. ముందు వచ్చినవాటినే పట్టుకుంటాయి. రెండు వేరువేరు జాతుల బాక్టీరియా ఇలా ఒకదాన్నొకటి గుర్తుపట్టి అతుక్కుంటాయని 1970లో గిబ్బన్స్, నైగార్డ్ అనే పరిశోధకులు చూపించారు. ఏ జాతి ఏ జాతితో చెయ్యి కలుపుతుందో అది కూడా ఇష్టం వచ్చినట్టు కాదు. తాళానికి తాళంచెవిలా జతలుంటాయి.

ఈ ఊరిలో పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి బాక్టీరియా ఒకటి ఉంది. పేరు ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియాటం. పొడుగ్గా, రెండు వైపులా మొన దేరి కండెలా ఉంటుంది. మొదట వచ్చినవాటితోనూ చివర వచ్చేవాటితోనూ దీనికి చుట్టరికం కుదురుతుంది. అందుకని ఇది వంతెనలా మధ్యలో నిలబడి రెండు గుంపులనూ కలుపుతుంది. చిగుళ్ళను పాడుచేసే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటివి ఎక్కువగా ఈ వంతెన మీదుగానే ఊళ్ళోకి వస్తాయి.

అందరూ చేరాక అది గజిబిజి గుంపు అనుకుంటే పొరపాటే. 2016లో అమెరికాలో జెస్సికా మార్క్ వెల్చ్, గ్యారీ బోరిసీ, వారి సహచరులు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రంగు వచ్చేట్టు చేసి పాచిని ఫొటో తీశారు. మధ్యలో కొరినిబాక్టీరియం అనే దారాల్లాంటి బాక్టీరియా, అక్కడి నుంచి అన్ని వైపులకూ కిరణాల్లా పరుచుకుని కనిపించింది. ఆ దారాల కొసల చుట్టూ గుండ్రటి బాక్టీరియా మొక్కజొన్న పొత్తుకు గింజల్లాగా వరసగా పట్టుకుని ఉన్నాయి. ఒళ్ళంతా ముళ్ళుండే హెడ్జ్‌హాగ్ అనే జంతువు పేరు దానికి పెట్టారు. ఆ బొమ్మ చూసిన మాకైతే తుమ్మపువ్వు గుర్తుకొచ్చింది.

ఇరుగుపొరుగు

మనుషుల నోళ్ళలో ఇంతవరకు కనిపించిన బాక్టీరియా జాతులు సుమారు 700. ఒక్కొక్కరి నోటిలో వాటిలో కొన్నే ఉంటాయి. ఇన్ని జాతులు ఇంత ఇరుకులో ఎలా బతుకుతాయి? ఊరి మీద ఆధారపడే.

స్ట్రెప్టోకాకస్ చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం బయటికి వదులుతుంది. పక్కనే ఉండే వెయిలొనెల్లా అనే బాక్టీరియాకు చక్కెర పనికిరాదు, ఆ ఆమ్లమే దాని భోజనం. ఒకరి చెత్త ఇంకొకరికి అన్నం. ఆమ్లం తగ్గితే పంటికీ మేలే. పైవరసలో ఉండేవి గాలిలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి కనుక, ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయేవి అడుగున చీకట్లో క్షేమంగా ఉంటాయి.

తగవులు కూడా ఉన్నాయి. స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ అనే మంచి జాతి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసి, పళ్ళను పుచ్చిపోయేట్టు చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను దూరంగా ఉంచుతుంది. మ్యూటన్స్ ఊరుకోదు. అది కూడా మ్యూటసిన్లనే విషపు ప్రోటీన్లు విడుదల చేసి పక్కవాటిని చంపుతుంది.

మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఈ ఊరంతా ఒక నెట్‌వర్క్. మ్యూటన్స్ చిన్న ప్రోటీన్ ముక్కలను కబుర్లుగా బయటికి వదులుతుంది. చుట్టుపక్కల తమవాళ్ళు తక్కువగా ఉంటే ఆ కబురు పలచబడి పోతుంది. గుంపు పెరిగితే కబురు చిక్కబడుతుంది. అప్పుడు అందరూ కలిసి ప్రవర్తన మార్చుకుంటారు. మ్యూటసిన్లు వదలడం, చచ్చిన పొరుగువాళ్ళ డి.ఎన్.ఏ. ముక్కలను లోపలికి తీసుకుని తమ దానిలో కలుపుకోవడం ఇలాంటప్పుడే చేస్తాయి. మేము ప్రోగ్రాము నడుస్తుండగా దాన్ని మార్చాలంటే రాత్రంతా మేలుకోవాలి. వాటికి అది రోజువారీ పని!

ఊరు ఎప్పుడు చెడుతుంది?

పాచి అంటే మురికి అని, దానిలో ఉన్నవన్నీ శత్రువులని మేము అనుకునేవాళ్ళం. అది నిజం కాదు. ఈ బాక్టీరియాలో చాలా భాగం మనకు అపకారం చేయదు, స్థలం ఆక్రమించి కొత్త రోగకారులను రానివ్వదు. బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ మార్ష్ 1990లలో ఒక మాట చెప్పారు: పుచ్చు బయటినుంచి వచ్చిపడే రోగం కాదు, ఊరిలో తూకం తప్పడం. ఆ తూకం తప్పించేది ఎక్కువగా మనమే.

మనం పంచదార తిన్న కొన్ని నిమిషాల్లోనే పాచిలోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు దీన్ని కొలిచి చూపించాడు. పి.హెచ్. సుమారు 5.5 కంటే కిందికి పడితే పంటి ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం, అయినా ఆమ్లానికి లొంగుతుంది. మళ్ళీ ఉమ్మి వచ్చి ఆమ్లాన్ని విరిచి, పోయిన కాల్షియాన్ని తిరిగి అతికించడానికి అరగంట నుంచి గంట పడుతుంది.

ఆ గంట గడవకముందే ఇంకో బిస్కట్ తింటే? మళ్ళీ ఆమ్లం. ఇలా రోజంతా సాగితే ఆమ్లానికి తట్టుకోలేని మంచి జాతులు తగ్గిపోతాయి. మ్యూటన్స్ మాత్రం లోపలికి వచ్చిన ఆమ్లాన్ని బయటికి తోడిపోసుకుంటూ బతికేస్తుంది. పైగా పంచదారతో గ్లూకాన్ అనే జిగురు నేసుకుని పంటికి గట్టిగా అతుక్కుంటుంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే చక్కెర కనుక బెల్లానికి మినహాయింపు లేదు. కొన్ని నెలలకు ఊరి పెత్తనం మ్యూటన్స్‌ది, దాని స్నేహితులది అయిపోతుంది.

ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యమని స్వీడన్‌లోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో జరిపిన పరిశోధన 1954లో తేల్చింది. భోజనంతో పాటు తిన్న తీపి పెద్దగా హాని చేయలేదు, భోజనాల మధ్య మధ్య తిన్న జిగట మిఠాయిలు పళ్ళను పాడుచేశాయి. అయితే ఆ పరిశోధన చేసింది మానసిక వైకల్యం ఉన్న రోగుల మీద, వాళ్ళ అనుమతి లేకుండా. మనం నేర్చుకున్న ఈ పాఠానికి వాళ్ళ పళ్ళతో మూల్యం చెల్లించారని మరిచిపోకూడదు.

మా ఇంటి కథ

ఇప్పుడు మా సొంత కారణం. మా చిన్నవాడికి అయిదేళ్ళప్పుడు దంతవైద్యురాలు ఎక్స్‌రే చూసి ఆరు పళ్ళు పుచ్చాయని చెప్పారు. మేము నమ్మలేదు. రోజుకు రెండుసార్లు తోముతున్నాము, చాక్లెట్లు దాచేస్తున్నాము. పాలపళ్ళే కదా, ఊడిపోయేవే కదా అని కూడా అనుకున్నాము. కానీ రెండు దవడ పళ్ళలో పుచ్చు నరం దాకా వెళ్ళింది. వాడు రాత్రుళ్ళు చెంప పట్టుకుని ఏడ్చేవాడు. చివరికి పూర్తి మత్తు ఇచ్చి బాగుచేయవలసి వచ్చింది. వాణ్ణి లోపలికి తీసుకువెళ్ళాక, బయట కుర్చీల్లో కూర్చున్న మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాము.

ఆ తరవాత డాక్టరు గారు, "ఏం తింటున్నాడో తరవాత, ఎన్నిసార్లు తింటున్నాడో రాసుకురండి" అన్నారు. ఇంజనీర్లం కదా, ఎక్సెల్‌లో పట్టిక వేశాము. పొద్దున్న చాక్లెట్ పొడి కలిపిన పాలు. కారులో జ్యూసు డబ్బా, అదీ గుక్కెడు గుక్కెడుగా. మధ్యాహ్నం నాలుగు చేప బిస్కట్లు, గంటకి మళ్ళీ నాలుగు. పార్కులో ఎండుద్రాక్ష. ఎవరింటికో వెళితే లడ్డూ ముక్క. నిద్రపోయే ముందు, తోమాక, మళ్ళీ పాలు. మొత్తం పదకొండు సార్లు! ఒక్కోసారికి అరగంట చొప్పున వేసుకున్నా రోజుకు అయిదున్నర గంటలు వాడి పళ్ళు ఆమ్లంలో నానుతున్నాయి. ఆ పట్టికలో మన తెలుగు బడి విరామంలో ఇచ్చిన జ్యూసు, బిస్కట్లు కూడా ఉన్నాయి. ఆ వారం తెచ్చే వంతు మాదే.

పంచదార మొత్తం కలిపి చూస్తే పెద్ద ఎక్కువేమీ లేదు. ఊరికి మాత్రం రోజంతా పండగే.

పాచి ముదిరితే గార

పాచిని తీయకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేటు దానిలోకి దిగి కొన్ని రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. దాన్ని మనవాళ్ళు గార అంటారు. గోడకు మెత్తే సున్నపు గారకూ, పళ్ళకు పట్టే గారకూ పేరు ఒకటే, రెండూ కాల్షియం సరుకే. గారను బ్రష్షు తీయలేదు, డాక్టరే తీయాలి.

చిగుళ్ళ సంగతి 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే ఆచార్యుడు తేల్చాడు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది కొన్నాళ్ళు పళ్ళు తోముకోవడం మానేశారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో మామూలైపోయాయి. చెడిన ఊరు మళ్ళీ బాగుపడుతుందన్నమాట. పుచ్చి గుంట పడితే మాత్రం పన్ను దానంతట అది పూడదు. అందుకే ముందే మేలుకోవాలి.

మరి ఏం చెయ్యాలి?

లీవెన్‌హుక్ వెనిగర్ గుర్తుందా? మందు పోసి ఊరిని చంపలేము. చంపకూడదు కూడా. మనం తినే పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేటును రక్తపోటు అదుపులో ఉంచే పదార్థంగా మార్చడానికి నోటిలోని కొన్ని బాక్టీరియా సాయం చేస్తుంది. క్రిమిసంహారక మౌత్‌వాష్ రోజూ వాడితే ఆ మంచివీ పోతాయి. డాక్టరు చెబితే తప్ప పిల్లలకు అది అక్కరలేదు.

మనం చేయవలసింది గోడలను రోజూ కూలగొట్టడం. రెండు పూటలా, రెండేసి నిమిషాలు, చిగుళ్ళ అంచుల వెంట తోమాలి. పళ్ళ సందుల్లోకి దారం వెయ్యాలి. రాత్రి తోమడం ముఖ్యం, ఎందుకంటే నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది, కాపలాదారు ఉండడు. తోమాక నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళు దగ్గరుండి తోమించాలి.

ఫ్లోరైడ్ అంటే మనవాళ్ళలో కొందరికి భయం. నల్గొండ జిల్లాలో బోరు నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడ్ తాగి ఎముకలు వంగిపోయినవాళ్ళను చూసినవారికి ఆ భయం సహజం. తేడా అంతా మోతాదులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటికి పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. నల్గొండలో చాలా ఊళ్ళు ఎన్నో ఏళ్ళు అంతకు ఎంతో ఎక్కువ తాగాయి. అమెరికాలో కుళాయి నీటిలో కలిపేచోట 2015 నుంచి సూచించిన మోతాదు 0.7. పేస్టులోని ఫ్లోరైడ్ పాచిలో, ఉమ్మిలో కొద్దిగా నిలిచి, కరిగిన ఎనామెల్‌ను తిరిగి గట్టిపరుస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పాలి.

ఇక తీపి సంగతి. పిల్లలూ, మానేయమని మేము చెప్పము, చెప్పినా మీరు వినరు. హాలోవీన్ మిఠాయి, దీపావళి లడ్డూ వెంటవెంటనే వస్తాయని మాకు తెలుసు. మీ వంతు భోజనం అవగానే ఒకేసారి తినేయండి, నీళ్ళు పుక్కిలించండి. జేబులో వేసుకుని సాయంత్రం దాకా చప్పరించవద్దు.

ఈ ఏడాది నుంచి మన బడి విరామంలో జ్యూసు మానేసి నీళ్ళు, ఆపిల్ ముక్కలు, చీజ్ ముక్కలు పెడుతున్నాము. మొదటి రెండు వారాలు మీరు మమ్మల్ని ఎలా చూశారో మాకు గుర్తుంది. ఒక ఆదివారం పాచికి రంగు పట్టించే ఎర్రబిళ్ళలు తెచ్చి, మీరందరూ నమిలి అద్దంలో చూసుకున్నారు కదా. బాగా తోమానని పందెం కాసిన మా చిన్నవాడి వెనక పళ్ళు గులాబీ రంగులో మెరిశాయి. వాడి కంటే మా పళ్ళే ఎక్కువ ఎర్రగా ఉన్నాయని వాడు ఊరంతా చాటాడు. ఆ రోజు నుంచి రాత్రిపూట మా ముగ్గురం కలిసే తోముకుంటున్నాము.

ఈ వ్యాసంలోని మాటలు

పాచి: తడి రాళ్ళ మీద, పళ్ళ మీద పట్టే జిగురు పొర.
గార: పాచి గట్టిపడితే వచ్చేది. గోడకు పూసే సున్నాన్ని కూడా గార అంటారు.
పుచ్చు: పంటిలో పడే గుంట. అలాంటి పన్ను పుచ్చుపన్ను, పిప్పిపన్ను.
చిగురు: పంటి చుట్టూ ఉండే మెత్తటి భాగం. చెట్టుకు వచ్చే లేత ఆకు కూడా చిగురే.
పుక్కిలించడం: నోట్లో నీళ్ళు పోసుకుని అటూ ఇటూ ఆడించి ఉమ్మేయడం.